ఏడో నంబరు సీసా: బాపుకు ఉత్తరం

కలమజూ, మిషిగన్
నవంబర్ 23

బాపూ,

నువ్వు, అవ్వ, తమ్ముడు, పిల్లలు అందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మేమిక్కడ బాగున్నాం. పోయిన ఆదివారం ఫోన్‌లో, నేను ఇంట్లో వైన్ చేస్తున్నానన్న మాట చెప్పగానే నువ్వు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నా చేతుల వాసన నీకు అంటగూడదనే కద బిడ్డా నిన్ను చదివిచ్చింది" అని ఒక్క మాట అని ఫోన్ అవ్వకు ఇచ్చావు. ఆ మాట వారం రోజులుగా నా మనసులో మెదులుతూనే ఉంది. ఫోన్‌లో చెప్పబోతే గొంతు పట్టుకుంటుందని, తమ్ముడు నెమ్మదిగా చదివి వినిపిస్తాడన్న ధైర్యంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట నీ భయం తీరాలి. నేను చేసేది సారా కాదు. గుడుంబా బట్టీలు మన వాడలో ఎన్ని కాపురాలను ముంచాయో చూసి పెరిగినదాన్ని, ఆ పనికి చేయి పెట్టను. సారా కావాలంటే పులిసినదాన్ని పొయ్యి మీద పెట్టి ఆవిరి పట్టాలి. ఇంట్లో అట్లా కాచడం ఇక్కడ అమెరికాలో కూడా నేరమే. వైన్‌కు పొయ్యితో పని లేదు. పండ్ల రసం పులుస్తుంది, తేరుతుంది, అంతే. నువ్వు చెట్టెక్కి దించే కల్లు ఎట్లా అవుతుందో ఇదీ అట్లాగే అవుతుంది. సొంతానికి వైన్ చేసుకోవడాన్ని ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల వరకు పన్ను లేకుండా చేసుకోవచ్చు గాని, ఒక్క సీసా కూడా అమ్మకూడదు. నేను ఏడాదికి చేసేది 10 గ్యాలన్లు మాత్రమే. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో చేయడం కుదరదు కాబట్టి, ఇది విని తమ్ముడు అక్కడ మొదలుపెట్టకుండా చూడు.

మేముండే ఈ మిషిగన్ నైరుతి మూల ద్రాక్షతోటల సీమ. పక్కన మిషిగన్ సరస్సు ఉండటం వల్ల మంచు ఒక్కసారిగా మీద పడి పూతను మాడ్చేయదు. అందుకే పా పా, లాటన్ అనే ఊళ్ల చుట్టూ కాంకర్డ్ ద్రాక్ష విరివిగా పండుతుంది. నల్లగా, బూడిద పట్టినట్టు ఉండే గుండ్రటి పండు. నోట్లో వేసుకుంటే తోలు ఒకవైపు, గుజ్జు ఒకవైపు జారిపోతాయి. సెప్టెంబరు చివర ఆ తోటల పక్క నుంచి కారులో పోతుంటే అద్దాలు మూసి ఉన్నా ఆ వాసన లోపలికి వస్తుంది. వైన్ తెలిసిన పెద్దలు కొందరు దీన్ని 'నక్క వాసన' అని చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం ఆ మాట అన్యాయంగా తోస్తుంది. ఈత కల్లు తాగేవాడికి తాటి కల్లు మొరటుగా అనిపించినంత మాత్రాన తాటిచెట్టుది తప్పు కాదు కదా.

నాతో పాటు ల్యాబులో పనిచేసే ఒకామె, రెండేళ్ల కిందట నన్ను తన స్నేహితుల దగ్గరికి తీసుకుపోయింది. పదిహేను మంది దాకా ఉంటారు: ఒక బడి పంతులు, ఒక వడ్రంగి, రిటైరైన నర్సు, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబానికి చెందిన ఎనభై ఏళ్ల పెద్దాయన. ఎవరింట్లో వాళ్లు వైన్ చేసుకుంటారు. రెండు నెలలకోసారి ఒకరింటి నేలమాళిగలో కూడి, తలా రెండు సీసాలు తెచ్చి అందరికీ పోస్తారు. తాగడానికి కాదు బాపూ, రుచి చూడటానికి. ఆ తేడా చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

సీసాలన్నింటికీ ముతక కాగితపు సంచులు తొడిగి, వాటి మీద నంబర్లు వేస్తారు. ఏది ఎవరిదో పోసేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు పోస్తారు. తెల్ల కాగితం ముందు పెట్టి రంగు, తేట చూడాలి. గ్లాసును తిప్పి వాసన చూడాలి. ఒక గుక్క నోట్లో పోసుకొని నాలుక అంతటా పారనిచ్చి, పక్కనున్న బకెట్‌లో ఉమ్మివేయాలి. నడుమ నడుమ రొట్టె ముక్క, మంచినీళ్లు. తీపి లేనివి ముందు, తీపివి తర్వాత. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేసిన పద్ధతిలో 20 మార్కులకు లెక్క వేస్తారు. అంతా అయ్యాక సంచులు తీస్తారు. అప్పుడు అసలు పని మొదలవుతుంది: చేసినవాడి ముఖం మీదే, అందులో బాగున్నదేదో, చెడిందేదో చెప్పాలి.

పోయిన నవంబర్‌లో నా మొదటి వైన్ తీసుకుపోయాను. ఏడో నంబరు సీసా. ఆ పెద్దాయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని, నోట్లో పోసుకోకుండానే కింద పెట్టి, "మురిగిన గుడ్డు" అన్నాడు. అందరూ తల ఊపారు. అది నాదని తేలినప్పుడు నా చెవులు వేడెక్కాయి. నేను మందుల ల్యాబులో రోజంతా నాణ్యత పరీక్షలు చేసే మనిషిని. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివినదాన్ని. నా సీసాలో నాకు తెలియని కంపు ఉందని పదిహేను మంది ముందు వినవలసి వచ్చింది. లేచి వచ్చేద్దామనుకున్నాను.

అప్పుడు నువ్వు గుర్తుకు వచ్చావు. నాకు పదేళ్లుంటాయి. కల్లు తాగే మండువలో ఒక పెద్దమనిషి తాటాకు రేకలో కల్లు పట్టుకొని, ఒక గుక్క తాగి, "ఈ లొట్టి తిరిగింది గౌడా" అన్నాడు, ఆ కుండలో కల్లు చెడిందని. నువ్వు మారుమాట అనలేదు. లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి ఒక్క క్షణం ఆగావు. తర్వాత దాన్ని తీసుకుపోయి వేపచెట్టు మొదట్లో గుమ్మరించావు. ఆ రోజు మనకు చేతికి వచ్చినదే మూడు లొట్లు. అవ్వ లోలోపల ఏడ్చింది. నువ్వు మాత్రం ఇంకో లొట్టి దించి ఆ పెద్దమనిషికి మళ్లీ పోసి, "ఇదెట్లున్నదో చెప్పుండ్రి" అని అడిగావు. ఆ నేలమాళిగలో కూర్చొని నేనూ ఆ పెద్దాయనను అదే మాట అడిగాను: ఎక్కడ తప్పిందో చెప్పమని.

ఆయన తన పర్సులోంచి ఒక సెంటు నాణెం తీశాడు. 1982కు ముందు వచ్చిన సెంట్లు దాదాపు అంతా రాగివే. ఆ నాణేన్ని శుభ్రంగా కడిగి నా గ్లాసులో వేసి, నెమ్మదిగా తిప్పి, ఒక నిమిషం తర్వాత నా చేతికిచ్చి వాసన చూడమన్నాడు. గుడ్డు కంపు సగానికి సగం పోయి, దాని కింద నుంచి తోట పక్కన కారులో వచ్చిన ద్రాక్ష వాసన లేచింది. ఆ గ్లాసు తాగడానికి కాదు, రోగం తెలుసుకోవడానికే. గంధకపు వాయువును రాగి పట్టేసుకుంటుంది కాబట్టి, రాగితో పోయే కంపు అయితే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అన్నమాట. కాంకర్డ్ రసం పులుపు ఎక్కువని నేను నీళ్లు, చక్కెర ఎక్కువగా కలిపాను. దానితో రసంలోని సత్తువ పలచబడింది. పులియబెట్టే ఈస్టుకు నత్రజని చాలకపోతే ఆ వాయువును వదులుతుంది. పైగా అడుగున పేరుకున్న మడ్డి మీదే రెండు నెలలు ఉంచాను. ఆకలితో ఉన్న కూలీతో పని చేయించి, పైగా మురికిలో పడుకోబెట్టినట్టు అయింది.

ఈ ఏడు అట్లా చేయలేదు. నీళ్లు తగ్గించాను, ఈస్టుకు మేత వేశాను. రసం చిక్కదనం కొలిచే గాజు గొట్టం ఒకటి ఉంటుంది. మొదటి రోజు అది 1.090 చూపింది. నెల తిరిగేసరికి 0.996కు దిగింది. అంటే చక్కెర దాదాపు అంతా పులిసి, నూటికి 12 వంతులు ఆల్కహాలు వచ్చిందన్నమాట. డబ్బా మూతికి నీళ్లు నింపిన చిన్న గొట్టం పెడతాం. లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది గాని బయటి గాలి లోపలికి రాదు. రాత్రి ఇల్లంతా నిద్రపోయాక ఆ బుడగల చప్పుడు వింటుంటే, చిన్నప్పుడు మన వసారాలో దించి పెట్టిన లొట్టి నురగ కడుతూ చేసే చిటపటలే చెవిన పడినట్టుంటుంది. రెండింటిలోనూ పని చేసేది ముఖ్యంగా ఒకే జాతి ఈస్టు. నీ లొట్టికి దాన్ని ఎవరూ వేయనక్కర్లేదు. మట్టి రంధ్రాలలోనే దాగి ఉండేది. కల్లు పొద్దున తీపి, మధ్యాహ్నం ఘాటు, సాయంత్రానికి పులుపు ఎందుకవుతుందో కూడా ఇప్పుడు నాకు తెలుసు: మూత లేని కుండలో గాలి తగిలి, ఆల్కహాలును పులుపుగా మార్చే సూక్ష్మజీవులు పెరుగుతాయి. నువ్వు తీపి నీరా కావాలన్నవాళ్లకు లొట్టి లోపల సున్నం పూసేవాడివి కదా, ఆ సున్నం పులియనివ్వదు. ల్యాబులో మేము యంత్రాలతో చేసే పనిని నువ్వు సున్నంతో చేశావు.

ఈ మనుషులలో నాకు ఎక్కువ నచ్చినది, ఎవరూ ఏదీ దాచకపోవడం. ఎంత చక్కెర, ఏ ఈస్టు, ఏ రోజు తేట తీశారు, చెడకుండా గంధకపు మాత్ర ఎన్ని వేశారు, అన్నీ సీసా మీద చీటీ రాసి అంటిస్తారు. ఆ రిటైరైన నర్సు చేసిన పుల్లచెర్రీ వైన్ నాకు ఎంత నచ్చిందో చెబితే, మర్నాడే ఆమె తన నోటుపుస్తకం పేజీలు ఫోటో తీసి పంపింది. ఆ చీటీలు చదివినప్పుడల్లా మన దగ్గరి కల్తీ కల్లు గుర్తొచ్చి కడుపు మండుతుంది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ అనే మత్తుమందులు కలిపిన తెల్లనీళ్లను కల్లు అని పోసి, కూలి చేసుకునేవాళ్ల నరాలు పాడుచేసినవాళ్లను మనం చూశాం. అందులో లాభముందని నీ దగ్గరికి వచ్చినవాళ్లను నువ్వు గడప తొక్కనివ్వలేదు. "నా లొట్టిల చెట్టిచ్చిందే ఉంటది" అన్నావు. నా సీసా మీద చీటీ అంటించేటప్పుడు నేను తలుచుకునేది ఆ మాటనే.

మొన్న శనివారం ఈ ఏటి వైన్ తీసుకుపోయాను. ఇంకా పసిది, ఏడాదైనా ఆగాలి, అయినా చూపించాలనిపించింది. మళ్లీ ఏడో నంబరే కావాలని అడిగి వేయించుకున్నాను. 20కి 14 మార్కులు వచ్చాయి. వాసన బాగుందని, రంగు తేటగా ఉందని అన్నారు. పులుపు ఇంకా కరుకుగా ఉందని, చలికాలమంతా చల్లటి గదిలో ఉంచితే ఆ పులుపులో కొంత ఉప్పు పలుకులుగా అడుగున పేరుకొని వైన్ మెత్తబడుతుందని పెద్దాయన చెప్పాడు. ఈసారి ఆయన బకెట్ వైపు వంగలేదు. మింగాడు. ఆయన ఒక సీసా నాకిచ్చి, నాది ఒకటి తీసుకున్నాడు.

బాపూ, నువ్వు నన్ను చెట్టుకు దూరం చేసింది ఎందుకో నాకు తెలుసు. చెట్టు ఒరిసిన నీ అరికాళ్లు, చెట్టెక్కేటప్పుడు కట్టుకునే మోకు, ముత్తాదు పట్టిన నీ నడుము, నువ్వు చెట్టు మీది నుంచి జారిన ఏడాది ఆరు నెలలు మనింట్లో పొయ్యి సగమే వెలగడం, ఏదీ మరచిపోలేదు. ఆ కష్టం నాకు వద్దన్నావు, నాకు రాలేదు. కాని నీ ముక్కు, నీ నాలుక, చెడిందని తెలిస్తే మూడు లొట్లలో ఒకదాన్ని గుమ్మరించగల నీ చేయి, ఇవి కష్టం కాదు, విద్య. వాటి వాసన నాకు అంటాలనే నా కోరిక.

వచ్చే మాఘమాసంలో, తాటిచెట్లు కల్లు పారే వేళకు ఇంటికి వస్తున్నాను. పెట్టెలో రెండు సీసాలు తెస్తాను, ఒకటి నాది, ఒకటి పెద్దాయనది. సంచులు తొడిగే ఇస్తాను. ఏది ఎవరిదో చెప్పను. నువ్వు వాసన చూసి, ఒక గుక్క తాగి, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంకొకటి అడగాలి: ఆ రోజు మండువలో లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి ఒక్క క్షణం ఆగావు కదా, ఆ క్షణంలో నువ్వు దేని కోసం చూశావు? తమ్ముడితో రాయించి పంపు. మా వాళ్లకు చదివి వినిపిస్తాను.

అవ్వకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

నీ బిడ్డ