పెద్దల సంరక్షణ కేంద్రాల వివరాలు బయటపెట్టండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వృద్ధుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. తుంటి ఎముక విరిగో, పక్షవాతం వచ్చో ఇంట్లో పెద్దవాళ్లు ఆస్పత్రిలో చేరతారు. "రేపు డిశ్చార్జ్ చేస్తున్నాం. ఇంటికి తీసుకెళ్తారా, ఇంకెక్కడైనా చేరుస్తారా?" అని ఓ సాయంత్రం అడుగుతారు. రాత్రంతా దొరికిన నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి, మంచం ఖాళీగా ఉందన్న చోటికి తీసుకెళ్తాం. ఆ మనిషి మిగిలిన జీవితం ఎలా గడుస్తుందో, ఇంట్లోవాళ్లు ఎంత అప్పుల పాలవుతారో ఆ ఒక్క రాత్రి తేలిపోతుంది. నాలుగు చోట్ల విచారించి, పోల్చి చూసుకునే అవకాశం మాకు కల్పించమని అడగడానికే ఈ లేఖ.

ఇల్లు మేలా, ఆశ్రమం మేలా అని జనం వాదించుకుంటారు. ముందు తేలాల్సింది అది కాదు. ఆ మనిషికి ఏ పనిలో సాయం కావాలి, ఏ వేళలో కావాలి? అమెరికాలో డాక్టర్ సిడ్నీ కాట్జ్ బృందం 1963లోనే దీనికో కొలమానం ఇచ్చింది. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం అనే 6 పనులు సొంతంగా చేసుకోగలరా లేదా అని చూస్తారు. సాధారణంగా ముందు కష్టమయ్యేది స్నానం, ఆఖరిదాకా నిలిచేది తిండి తినడం. స్నానానికి తప్ప సాయం అక్కర్లేని వాళ్లకు పొద్దున ఓ గంట వచ్చి వెళ్లే మనిషి ఉంటే చాలు, సొంత ఇంటికి మించింది లేదు. రాత్రి రెండు మూడుసార్లు లేపి కూర్చోబెట్టాల్సిన వాళ్ల సంగతి వేరు. పగటికి అటెండెంట్‌ను పెట్టుకున్నా రాత్రి భారం కూతురి మీదో, కోడలి మీదో, ముసలి భార్య మీదో పడుతుంది. పూర్తిగా మంచాన పడి, ట్యూబుతో ఆహారం ఇస్తూ, పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ ఉండాల్సిన వాళ్లకు రాత్రింబవళ్లు నర్సు అందుబాటులో ఉండాలి.

మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లు ఈ లెక్కల్లో ఇమడరు. కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి, స్టవ్ వెలిగించి మరిచిపోతారు, తలుపు తీసుకుని ఎటో వెళ్లిపోతారు. పగటిపూట చూసుకునే డే కేర్ వీళ్లలో చాలామందికి సరిపోతుంది, ఇంట్లోవాళ్లు ఉద్యోగాలు మానుకోనక్కర్లేదు. జర్మనీ 1995లో దీర్ఘకాలిక సంరక్షణకు తప్పనిసరి బీమా తెచ్చినప్పుడు శరీరానికి కావాల్సిన సాయాన్నే ప్రధానంగా లెక్కగట్టి 3 స్థాయిలు పెట్టింది. మతిమరుపు ఉన్నవాళ్లకు అన్యాయం జరుగుతోందన్న విమర్శ ఏళ్లతరబడి సాగాక 2017లో 5 స్థాయిలుగా మార్చింది. జపాన్‌లో 2000 నుంచి ఇలాంటి బీమా ఉంది. మనిషి స్థితిని అంచనా వేసి 7 స్థాయిల్లో ఒకటి ఇస్తారు. ఏ సేవ ఎంత కావాలో కేర్ మేనేజర్ కుటుంబంతో కూర్చుని ప్రణాళిక వేస్తారు. మాకు ముందుగా కావాల్సింది ఈ అంచనానే. అది ఏ కేంద్రంతోనూ లావాదేవీ లేని మనిషి చెయ్యాలి, డిశ్చార్జ్‌కు ముందే జరగాలి.

ఇక కేంద్రాల సంగతి. మా అత్తయ్య కోసం చూసిన ఒక చోట రిసెప్షన్ చక్కగా ఉంది, తోట ఉంది. రాత్రి ఎంతమంది డ్యూటీలో ఉంటారని అడిగితే "కావాల్సినంత మంది ఉంటారండీ" అన్నారు. గదిలోకి వెళ్లి చూస్తే పిలుపు గంట తీగ మంచం తలవైపు కమ్మీకి చుట్టి ఉంది. పడుకున్న మనిషికి చెయ్యి అందదు. గోడమీద లైసెన్సు ఉంది, నెలవారీ ఫీజు కాగితం మీద ఉంది, ఆ తీగ సంగతి మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ఆ గంట నొక్కితే ఎవరొస్తారు, ఎంతసేపటికి వస్తారు అన్నదాన్ని మించిన ప్రశ్న నాకు తోచదు.

అందుకని స్టార్లు, మార్కులు ఇచ్చేసి చేతులు దులుపుకోవద్దని వేడుకుంటున్నాను. జర్మనీ 2009 నుంచి సంరక్షణ కేంద్రాలకు మార్కులు వేసింది. దాదాపు అన్నిటికీ "చాలా బాగుంది" అనే వచ్చింది. పుండ్ల విషయంలో పోయిన మార్కులను భోజన పట్టిక పెద్ద అక్షరాల్లో రాసి రాబట్టుకునే వీలుందన్న విమర్శ వచ్చింది. చివరికి 2019లో ఆ పద్ధతినే తీసేశారు. అమెరికాలో కేంద్రాలు తమ సిబ్బంది లెక్క తామే చెప్పుకునేవి. 2016 నుంచి జీతాల రికార్డుల ఆధారంగా రోజువారీ లెక్క పంపాలన్న నిబంధన వచ్చాక, శని ఆదివారాల్లో ఎంత తక్కువమంది ఉంటున్నారో బయటపడింది. అలాంటి లెక్క మాకు కావాలి. రాత్రిపూటదీ, సెలవు రోజులదీ విడిగా కావాలి. ఏడాదిలో ఎంతమంది సిబ్బంది మానేశారో కూడా చెప్పాలి. రోజుకో కొత్త మనిషి వచ్చి ఒళ్లు తుడిస్తే ఆ పెద్దావిడకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఒప్పందాల్లో ఒక విషయం తప్పనిసరి చేయండి. సొంత గదిలో ఉంటూ కొద్దిపాటి సాయం అందుకునే నివాసాలు మొదట్లో అందరికీ నచ్చుతాయి. ఆరోగ్యం క్షీణించాక మాత్రం "ఇక మావల్ల కాదు, తీసుకెళ్లండి" అనే చోట్లున్నాయి. ఏ స్థితి దాకా ఉంచుకుంటారు, అప్పుడు ఫీజు ఎంత పెరుగుతుంది, చివరి రోజుల్లో నొప్పి తగ్గించే వైద్యం అక్కడే అందుతుందా అన్నవి సంతకానికి ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇంట్లోనే చూసుకునేవాళ్లను కూడా ఈ లెక్కలో చేర్చండి. వాళ్ల చాకిరీకి బిల్లు రాదు కాబట్టి ఇంటి సంరక్షణ చవక అని అందరూ అనుకుంటారు. నడుము నొప్పులు, మానేసిన ఉద్యోగం, నిద్ర లేని రాత్రులు ఎవరి ఖాతాలో పడుతున్నాయి? జర్మనీలో బంధువుల సంరక్షణలో ఇంట్లోనే ఉండే వాళ్లకు నగదు సాయం ఎంచుకునే వీలుంది. నిర్ణీత గంటలు చూసుకునే బంధువులకు పింఛను చందా కూడా బీమా సంస్థే కడుతుంది. అంత చేయడానికి సమయం పడుతుందంటే, పెద్దవాళ్లను కొద్దిరోజులు ఒక మంచి కేంద్రంలో ఉంచి చూసుకునేవాళ్లు ఊపిరి పీల్చుకునే ఏర్పాటుతోనైనా మొదలుపెట్టండి.

తనిఖీ నివేదికలు, ఫిర్యాదులు, వాటిమీద తీసుకున్న చర్యలు మీ శాఖ ఫైళ్లలో ఇప్పటికే ఉండి ఉండాలి. వాటిని ప్రజల ముందు పెట్టడానికి కొత్త చట్టం దాకా ఆగాల్సిన పని లేదనుకుంటున్నాను. ఏవి ఎప్పటిలోగా ఇస్తారో తేదీతో సహా జవాబు ఇవ్వండి. మీ జవాబును కూడా అందరూ చదివేలా ప్రకటించమని కోరుతున్నాను.

ఇట్లు
అత్తగారి సంరక్షణ చూసుకుంటున్న ఒక కోడలు