రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: తేజస్, జేఎఫ్-17 లెక్కల్లో మనం వెనకబడింది ఎక్కడ?

గౌరవనీయులైన రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నమస్కారం.

2025 నవంబర్ 21న దుబాయ్ వైమానిక ప్రదర్శనలో తేజస్ కూలి మన వాయుసేన పైలట్ ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి నుంచి మన విమానాన్ని చైనాతో కలిసి పాకిస్తాన్ చేసుకున్న జేఎఫ్-17 యుద్ధ విమానంతో పోల్చే పట్టికలు మళ్లీ ఊపందుకున్నాయి. మనవాళ్లు కాంపోజిట్ల (కార్బన్ పోగుల పొరలతో చేసిన తేలికపాటి పదార్థాల) శాతం చూపిస్తారు, అటువాళ్లు ఎగుమతుల జాబితా చూపిస్తారు. రెండూ నిజాలే. మేం చెప్పదలిచింది సూటిగా ఇదీ: ఒక్కో విమానాన్ని పక్కపక్కన నిలబెడితే తేజస్ డిజైన్ మెరుగు. స్క్వాడ్రన్లలో ఎగురుతున్న దళాల్ని లెక్కపెడితే జేఎఫ్-17 చాలా ముందుంది. ఈ తేడా డ్రాయింగ్ బోర్డు మీద పుట్టలేదు. ఆర్డరు పెట్టడం, పరీక్షించడం, ఒప్పుకుని తీసుకోవడం, ఈ మూడింట్లో మన పద్ధతి వల్ల పుట్టింది. ఆ పద్ధతి మార్చగలిగేది మీ శాఖే.

ముందు రెండింటికీ ఉన్న చుట్టరికం చూడండి. రెండూ ఒంటి ఇంజిన్ విమానాలు. గరిష్ఠ టేకాఫ్ బరువు రెండింటికీ పదమూడున్నర టన్నుల దగ్గరే. లోపల పట్టే ఇంధనం రెండింట్లోనూ రెండున్నర టన్నుల లోపే, కాబట్టి దూరం పోవాలంటే రెండూ అదనపు ట్యాంకులు మోయాల్సిందే. రెండింట్లోనూ ఉన్నది రష్యన్ల 23 మిల్లీమీటర్ల జంటగొట్టాల జీఎస్‌హెచ్-23 ఫిరంగే. ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే సీటు కూడా రెండింటికీ బ్రిటన్ మార్టిన్-బేకర్‌దే. ఇంజిన్ రెండు దేశాలకూ పరాయిదే: మనకు అమెరికా జీఈ ఎఫ్404-ఐఎన్20, వాళ్లకు రష్యా ఆర్‌డీ-93. ఆ ఆర్‌డీ-93 మన మిగ్-29లో ఉన్న ఆర్‌డీ-33కి తమ్ముడే, గేర్‌బాక్స్‌ను కిందికి మార్చి ఒంటి ఇంజిన్ విమానానికి సరిపెట్టారు. ఆర్‌డీ-33ని కోరాపుట్‌లో మన హెచ్‌ఏఎల్ (తేజస్‌ను తయారుచేసే ప్రభుత్వ సంస్థే) తయారుచేసింది. పొగ ఎంత వదులుతుందో, ఓవర్‌హాల్‌కు ఎంత తొందరగా వస్తుందో మన మెకానిక్కులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

తేడాల్లో మొదటిది రెక్క. తేజస్‌ది తోకరెక్కలు లేని డెల్టా (త్రికోణపు రెక్క), వైశాల్యం 38.4 చదరపు మీటర్లు. జేఎఫ్-17ది 24.4 మాత్రమే, వెనక మామూలు తోకరెక్కలు ఉంటాయి. చదరపు మీటరుకు మోసే బరువు తక్కువ కాబట్టి తేజస్ ముక్కును ఒక్కసారిగా తిప్పడంలో చురుకు. అదే మలుపును పట్టుకుని కొనసాగిస్తే మాత్రం డెల్టా రెక్క గాలిని ఎక్కువ ఈడ్చి, వేగాన్ని త్వరగా తినేస్తుంది. ఈ రెండో వాక్యం మన పట్టికల్లో కనిపించదు. ఇక తేజస్‌ను కావాలనే అస్థిరంగా రూపొందించి, నాలుగు వరసల డిజిటల్ ఫ్లై-బై-వైర్‌తో (పైలట్ ఆదేశాల్ని కంప్యూటర్ ద్వారా రెక్కలకు పంపే ఏర్పాటుతో) అదుపు చేశారు. జేఎఫ్-17 తొలి బ్లాకుల్లో (తయారీ విడతల్లో) ముక్కు పైకీ కిందికీ కదిలే అక్షానికే డిజిటల్ నియంత్రణ ఉండేది. తేజస్ నిర్మాణ బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లు, పై తొడుగులో పదికి తొమ్మిది పాళ్లు అవే. జేఎఫ్-17 ప్రధానంగా అల్యూమినియం. తుప్పు, బరువు విషయంలో మనకు లాభం. స్థావరంలో మరమ్మతు విషయంలో వాళ్లకు సులువు: అల్యూమినియం చొట్టపడితే కంటికి కనబడుతుంది, పట్టీ వేసి రివెట్లు కొడతారు. కార్బన్ పొరల మీద పానా జారిపడితే పైన గీత కూడా కనిపించకపోవచ్చు, లోపల పొరలు విడిపోయి ఉంటాయి. అల్ట్రాసోనిక్ పరికరంతో చూస్తేగాని తెలియదు. ప్రతి తేజస్ స్థావరంలో ఆ పరికరమూ, దాన్ని చదవగల మనిషీ ఉండాలి.

అయితే నేటి పోరులో రెక్క కంటే రాడారూ క్షిపణీ ముందు మాట్లాడతాయి. జేఎఫ్-17 బ్లాక్-3లో కేఎల్‌జే-7ఏ అనే ఏసా రాడార్ (యాంటెనాను తిప్పకుండా తరంగాన్ని ఎలక్ట్రానిక్‌గా మళ్లించే రకం) ఉంది, పీఎల్-15 క్షిపణి మోస్తుంది. ఆ క్షిపణి ఎగుమతి రకానికి చైనా ప్రకటించిన దూరం 145 కిలోమీటర్లు. మన 45, 18 స్క్వాడ్రన్లలో ఉన్న తేజస్ మార్క్-1 రాడార్ ఇప్పటికీ యాంటెనాను యాంత్రికంగా తిప్పే పాత రకమే. దాని మెరుగైన రూపం మార్క్-1ఏ వస్తే ఏసా రాడార్, మన అస్త్ర దూరపు క్షిపణి, కొత్త ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలు వస్తాయి, అంతరం దాదాపు పూడుతుంది. వస్తే.

ఇక్కడ తేదీలు చూడండి. తేజస్ తొలిసారి ఎగిరింది 2001 జనవరి 4న. జేఎఫ్-17 తొలిసారి ఎగిరింది 2003 ఆగస్టు 25న, చెంగ్డులో. మనమే రెండున్నరేళ్లు ముందు. కానీ వాళ్ల మొదటి స్క్వాడ్రన్ 2010లో నిలబడింది, మనది 2016 జూలై 1న. 1998 అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలతో మన నియంత్రణ వ్యవస్థ బృందం అక్కడి పని మధ్యలో వదిలి రావాల్సి వచ్చిన మాట నిజం. పాకిస్తాన్‌కూ అలాంటి దెబ్బే తగిలింది: చైనాలో తియనాన్మెన్ ఘటన తర్వాత, జేఎఫ్-17కు మూలమైన ప్రాజెక్టు నుంచి అమెరికా కంపెనీ గ్రమ్మన్ తప్పుకుంది. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. మనం రెక్క, నియంత్రణ, ఇంజిన్, రాడార్ అన్నీ ఒకేసారి కొత్తగా చేయాలనుకున్నాం. చైనా, పాకిస్తాన్ దొరికిన ఇంజిన్, చేతిలో ఉన్న రాడార్ పెట్టి బ్లాక్-1 అని పేరు పెట్టి పాకిస్తాన్ విమాన కర్మాగారం ఉన్న కమ్రాలో వరసగా దించేశాయి. ఆకాశంలో ఇంధనం నింపుకునే గొట్టం బ్లాక్-2లో, ఏసా రాడార్ బ్లాక్-3లో వచ్చాయి. ఇవాళ పాకిస్తాన్ వాయుసేన దగ్గర నూటయాభైకి పైగా జేఎఫ్-17లు ఉన్నాయి. మన తేజస్ మార్క్-1 మొత్తం ఆర్డరే 40, అందులో రెండు సీట్లవి 8.

వాళ్ల పద్ధతికి మూల్యం లేదని అనడం లేదు. బ్లాక్-1ని బ్లాక్-3గా మార్చడం తేలిక కాదు, నియంత్రణ వ్యవస్థే వేరు. ఒకే పేరుతో మూడు రకాల విమానాలకు మూడు రకాల విడిభాగాలు, మూడు రకాల శిక్షణ. ఆ తలనొప్పి వాళ్లు పడుతున్నారు. అయినా పైలట్లకు విమానం దొరికింది, గంటలు ఎగిరారు, లోపాలు బయటపడ్డాయి, వాటిని తర్వాతి బ్లాకులో సరిచేసుకున్నారు.

మార్క్-1ఏలో మనం చేసిందేమిటి? 2021 ఫిబ్రవరి 3న 83 విమానాలకు ఒప్పందం. మొదటి విమానం 2024 మార్చికల్లా అందాలి. కొత్త ఏసా రాడార్, కొత్త డిజిటల్ ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్, శత్రు రాడార్‌ను తికమక పెట్టే కొత్త జామర్, అస్త్ర, దగ్గరి క్షిపణి ఆస్రామ్, అన్నీ ఒకే ధ్రువీకరణ ముడిలో కట్టాం. ఒక్క క్షిపణిని కలపడానికే ఎంత పని ఉంటుందో చూడండి: రెక్క కింద తగిలించి అన్ని వేగాల్లో కంపనాలు కొలవాలి, ఖాళీ క్షిపణిని జారవిడిచి అది విమానాన్ని తాకకుండా విడిపోతుందని తేల్చాలి, మిషన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చాలి, రాడార్ నుంచి క్షిపణికి గమ్యం సమాచారం సక్రమంగా చేరుతోందో చూడాలి, చివరికి నిజంగా పేల్చాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు దొరికితే వెనక్కి పోయి కొన్ని పరీక్షలు మళ్లీ. ఇందులో ఏ ఒక్కటి ఆగినా ముడి మొత్తం ఆగుతుంది. 2025 ముగిసేనాటికి ఒక్క మార్క్-1ఏ కూడా స్క్వాడ్రన్‌కు చేరలేదు.

అందుకే మా మొదటి కోరిక. వాయుసేనతో, హెచ్‌ఏఎల్‌తో కూర్చుని మార్క్-1ఏను ముక్కలుగా ఒప్పుకునే ఏర్పాటు చేయించండి. భద్రతగా ఎగరడం, రాడార్, ఒక దూరపు క్షిపణి, ఒక దగ్గరి క్షిపణి: ఇంతవరకూ మొదటి మెట్టు. మిగతావన్నీ తేదీ రాసి పెట్టుకున్న రెండో మెట్టులో, స్క్వాడ్రన్ దగ్గరే సాఫ్ట్‌వేర్ ఎక్కించి పూర్తిచేయొచ్చు. పైలట్ భద్రతకు సంబంధించిన ఏ పరీక్షనూ రెండో మెట్టుకు నెట్టకూడదు, ఆ గీత మాత్రం గట్టిగా ఉండాలి.

రెండోది ఇంజిన్. 83 విమానాల ఒప్పందం ఫిబ్రవరిలో జరిగితే 99 ఇంజిన్లకు ఆర్డరు అదే ఏడు ఆగస్టులో వెళ్లింది. అంతకుముందు మనమిచ్చిన 65 ఇంజిన్ల ఆర్డరు 2016లో పూర్తయ్యాక జీఈ ఆ ఉత్పత్తి వరసను మూసేసింది. మూసిన వరసను తెరవడమంటే తాళం తీయడం కాదు, విడిభాగాలు పోతపోసే వాళ్లనూ, యంత్రాలు సరిచూసే వాళ్లనూ మళ్లీ వెతుక్కోవాలి. మొదటి ఇంజిన్ మనకు వచ్చింది 2025 మార్చిలో. తప్పు జీఈది కావచ్చు, కానీ వరస చల్లబడుతోందని మనకు 2016లోనే తెలుసు. అప్పుడే ఓ ఇరవై ఇంజిన్లు ముందుగా కొని పెట్టుకుని ఉంటే వరస నడిచేది.

2025 సెప్టెంబర్ 25న మరో 97 విమానాలకు 62,370 కోట్లతో సంతకం చేశారు, నవంబర్‌లో 113 ఇంజిన్లకు ఆర్డరు పెట్టారు. కూడితే 180 విమానాలకు 212 ఇంజిన్లు. అంటే అదనంగా 32, నూటికి పద్దెనిమిది కూడా లేవు. ఒంటి ఇంజిన్ విమానానికి, అందులోనూ రాజస్థాన్, గుజరాత్ దుమ్ములో ఎగరాల్సిన దానికి ఇది పల్చటి నిల్వ. పక్షి దెబ్బ తగిలినా, ఇసుక కంప్రెసర్ బ్లేడ్లను అరగదీసినా ఇంజిన్ దించాల్సిందే, ఆ సమయంలో విమానం హ్యాంగర్‌లో బరువుగా కూర్చుంటుంది. ఎఫ్404ను మాడ్యూళ్లుగా విడదీయొచ్చు. కాబట్టి పూర్తి ఇంజిన్లు ఇంకా కొనడం కంటే ఫ్యాన్, కంప్రెసర్, వేడి భాగం మాడ్యూళ్లు విడిగా కొని స్థావరాల దగ్గర ఉంచితే తక్కువ డబ్బుతో ఎక్కువ విమానాలు ఎగురుతాయి. లోతైన ఓవర్‌హాల్ దేశంలోనే జరగాలి. తేజస్ కోసం దేశంలోనే చేయబోయిన కావేరి ఇంజిన్ 2008లోనే తేజస్ నుంచి విడిపోయింది కాబట్టి ఈ విమానం బతికినన్నాళ్లూ అమెరికా ఇంజిన్‌తోనే కాపురం. ఆ సంగతి ఒప్పుకుని విడిభాగాల ఒప్పందం రాసుకోవాలి.

మూడోది ఉత్తమ్ రాడార్. రెండో ఒప్పందంలోని 97 విమానాల్లో మన ఉత్తమ్ ఏసా, స్వయం రక్షా కవచ్ అనే ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థ ఉంటాయని మీ శాఖే ప్రకటించింది. సంతోషం. కానీ వీటి అప్పగింతలు 2027-28లో మొదలవ్వాలి. రాడార్ మారిందంటే క్షిపణికి సమాచారం పంపే దారి మారుతుంది, అంటే అస్త్ర కలిపే పనిలో సగం మళ్లీ మొదలు. ఏసాకు విద్యుత్తు ఎక్కువ కావాలి, ద్రవంతో చల్లబరచాలి, ముక్కులో ఉన్న చోటు అంతే. ఇప్పుడే రెండు మూడు విమానాలను ఉత్తమ్ పరీక్షలకే కేటాయించకపోతే 2028లో ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది.

ఈ సందర్భంలో రాడోమ్ ముచ్చట మీకు గుర్తుచేయాలి. రాడార్ ముందు ఉండే ఆ ముక్కు తొడుగును మొదట కెవ్లార్‌తో చేశారు. రాడార్ తరంగం దాన్ని వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి, రెండుసార్లు దాటాలి. ఒక దాటుకు తరంగ బలం 1 డెసిబెల్ పోతే రాడార్ చూపు సుమారు 11 శాతం తగ్గుతుంది. 3 డెసిబెల్స్ పోతే దాదాపు 30 శాతం. గోడ మందంలో చిన్న తేడా ఉన్నా, పొరల్లోకి తేమ చేరినా, పైన రంగు మందంగా పడినా ఇదే జరుగుతుంది. తేజస్ రాడార్ చూపు అలాగే కుంచించుకుపోయింది. చివరికి బ్రిటన్ కోబామ్ నుంచి క్వార్ట్జ్ రాడోమ్ తెచ్చాక సర్దుకుంది. కోట్ల రూపాయల రాడార్‌ను తొడుగు ఓడించింది. ఉత్తమ్ వస్తున్నప్పుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రతి రాడోమ్‌నూ ఆ రాడార్ తరంగాలతోనే విడివిడిగా కొలిచి, ఆ కొలతల పటాన్ని విమానం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. నమూనాకు ఒకటి చూసి మిగతావి పంపేయడం కుదరదు.

ఎగుమతుల గురించి ఎక్కువ చెప్పం. జేఎఫ్-17ను మయన్మార్, నైజీరియా, అజర్‌బైజాన్ కొన్నాయి. తేజస్‌ను ఇంతవరకూ ఎవరూ కొనలేదు, మలేసియా 2023లో దక్షిణ కొరియా ఎఫ్‌ఏ-50 విమానం వైపు వెళ్లింది. సొంత వాయుసేనలో బారులు తీరి కనిపించని విమానాన్ని పొరుగువాడు కొనడు. ముందు మన స్క్వాడ్రన్లు నిండితే ఆ బేరం దానంతట అదే కదులుతుంది.

స్క్వాడ్రన్ల సంగతి మీకు తెలియనిది కాదు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పాక మంజూరైన 42 స్క్వాడ్రన్లకు 29 మిగిలాయి. బెంగళూరులో రెండు, నాసిక్‌లో ఒకటి, మూడు వరసలూ నిండుగా నడిస్తే ఏడాదికి 24 విమానాలు. ఆ లెక్కన 180కి ఏడున్నరేళ్లు. ఇది ఒక్క ఇంజిన్ కూడా ఆలస్యం కాకపోతే వచ్చే లెక్క.

అందుకని ఆఖరి కోరిక. మూడు నెలలకోసారి పార్లమెంటు ముందు ఐదు అంకెలు పెట్టించండి: కూర్పు పూర్తయిన విమానాలు ఎన్ని, అందిన ఇంజిన్లు ఎన్ని, వాయుసేన ఎగరేసి ఒప్పుకున్నవి ఎన్ని, స్క్వాడ్రన్‌కు చేరినవి ఎన్ని, చేరినవాటిలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి సగటున నూటికి ఎన్ని. చివరి అంకె శత్రువుకు తెలుస్తుందన్న అభ్యంతరం ఉంటే దాన్ని రక్షణ స్థాయీ సంఘానికి మూసిన గదిలో ఇవ్వండి. మిగిలిన నాలుగింట్లో దాచాల్సిన రహస్యం ఏమీ లేదు. ఏ అంకె దగ్గర బండి ఆగిందో కనబడితే జవాబు చెప్పాల్సింది ఫ్యాక్టరీయా, ఇంజిన్ సరఫరాదారా, పరీక్షల విభాగమా అన్నది కూడా తేలుతుంది. దుబాయ్ ప్రమాదంపై విచారణలో తేలినవాటిలో తయారీకి, నిర్వహణకు సంబంధించినవి ఏమున్నా మూడు వరసలకూ, రెండు స్క్వాడ్రన్లకూ రాతపూర్వకంగా చేరేలా చూడండి.

ఇట్లు,
విమాన నిర్మాణ రంగంలోని కొందరు ఇంజినీర్లు