ఇల్లు కొనే ముందు బడి దాకా నడిచి చూడండి

సంపాదకులకు,

తిరుపతి చుట్టుపక్కల స్థలాలు, అపార్టుమెంట్లు చూడడానికి వెళ్ళేవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాకిలి తూర్పా, ఉత్తరమా? బోరులో నీళ్ళు ఎంత లోతున పడ్డాయి? తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందా? బ్యాంకు లోను వస్తుందా? రోడ్డు ఎన్ని అడుగులు? చివరిదానికి "నలభై అడుగులు సార్" అని జవాబు రాగానే ఊరుకుంటారు. ఆ నలభైలో మనిషి నడిచే జాగా ఎంత అని అడిగేవాళ్ళు తక్కువ. ఫుట్‌పాత్ లేదని ఇల్లు వద్దనుకోవాలా అంటే, కొన్నిచోట్ల ఆ పట్టింపు అక్కర్లేదు, కొన్నిచోట్ల మాత్రం తప్పకుండా వద్దనుకోవాలి. ఏది ఏ రకమో టేపు పట్టుకుని చూస్తే అరగంటలో తేలిపోతుంది.

పట్టింపు అక్కర్లేనిది ఇరవై అడుగుల సందు. అవతలి కొస మూసుకుపోయి ఉండి, అక్కడ కాపురం ఉండేవాళ్ళ బళ్ళు తప్ప వేరేవి రాకపోతే వేగం దానంతట అదే తగ్గుతుంది. అలాంటి చోట రెండడుగుల గట్టు కట్టినా బైకులు నిలుపుకోవడానికి తప్ప పనికిరాదు. చూడాల్సింది ఆ సందు కలిసే పెద్ద రోడ్డు. ఆటోలు, బస్సులు, ఇసుక ట్రాక్టర్లు తిరిగే ఆ రోడ్డు మీదే పిల్లలు బడికి, అవ్వాతాతలు గుడికి, ఇంట్లోవాళ్ళు పాలకూ కూరగాయలకూ వెళ్ళాలి. ఆ దారిలో ఐదొందల మీటర్లు బాగుండి యాభై మీటర్లు బాగాలేకపోయినా, ఆ యాభై మీటర్ల భయంతో పిల్లల్ని ఒంటరిగా పంపరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. లేఅవుట్‌లో 40 అడుగుల రోడ్డు అంటే ఇటు హద్దు నుంచి అటు హద్దు దాకా. మధ్యలో సిమెంటు రోడ్డు 18 అడుగులు, ఇరువైపులా రెండేసి అడుగుల కాలువలు పోతే ఇంకా 18 మిగులుతుంది, పక్కకు తొమ్మిది. అందులో మూడడుగులు కరెంటు స్తంభాలకు, చెట్లకు వదిలినా ఆరడుగుల నడక దారి వస్తుంది. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నివాస ప్రాంతాల్లో అడ్డంకుల్లేని కనీస వెడల్పుగా చెప్పింది కూడా 1.8 మీటర్లే, అంటే దాదాపు ఆరడుగులు. 30 అడుగుల రోడ్డులో అవే కొలతలు తీసేస్తే పక్కకు నాలుగే మిగులుతాయి. కానీ కాలువ మీద గట్టిగా పలకలు పరిస్తే కాలువ రెండడుగులూ కలిసి ఆరు అవుతాయి, స్తంభాలను మాత్రం ఒక అంచుకు సర్దాలి. కాబట్టి ఈ రోజు ఫుట్‌పాత్ ఉందా లేదా అన్నదాని కంటే, రేపు వేయడానికి చోటు మిగిలిందా అన్నది ముఖ్యం. చోటుంటే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. గోడలు కాలువ దాకా వచ్చేసిన రోడ్డులో మన జీవితకాలంలో రాదు.

ఆ చోటును ఎక్కువగా తినేది దుకాణాలు కాదు, మన ఇళ్ళ ర్యాంపులే. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది వేస్తూ పోవడంతో రోడ్డు మట్టం పెరుగుతుంది. వాన నీళ్ళు లోపలికి వస్తాయన్న భయంతో కొత్తగా కట్టేవాళ్ళు బేస్‌మెంట్ ఇంకా ఎత్తు పెడతారు. పార్కింగ్ నేల రోడ్డు కంటే అడుగున్నర ఎత్తులో ఉంటే, కారు కింది భాగం నేలకు తగలకుండా ఎక్కడానికి ఆరుకు ఒకటి వాలు (ఆరడుగుల పొడవుకు అడుగు ఎత్తు) పెట్టినా తొమ్మిదడుగుల ర్యాంపు కావాలి. ఇంటి ముందు వదిలింది ఐదడుగులే అయితే మిగతా నాలుగూ రోడ్డు మీదికి వస్తాయి. వరుసగా పది ఇళ్ళు ఇలా కడితే ఎక్కుతూ దిగుతూ ఎవరూ నడవలేరు, అందరూ తారు మీదికి దిగుతారు. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఒక మాట: ప్లాను గీయించేటప్పుడే ర్యాంపు మొత్తం గేటు లోపలికి వచ్చేలా పార్కింగ్ ఎత్తు తగ్గించండి, నీళ్ళను ఆపడానికి గేటు దగ్గర అడ్డంగా జాలీ కాలువ పెట్టండి.

ఇక కాలువ పలకలు. వాన పడినప్పుడు ప్రాణాల మీదికి తెచ్చేది ఇవే. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న సిమెంటు పలక దాదాపు 140 కిలోలు తూగుతుంది. పూడిక తీసే ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తలేరు. గడ్డపారతో కుమ్మి లేపుతారు, అంచు విరుగుతుంది, లోపలి చువ్వలు బయటపడతాయి. పని అయ్యాక విరిగిన పలకను మళ్ళీ కప్పేవాళ్ళుండరు. కొన్ని వీధుల్లో కడప బండలు పరుస్తారు. అవి మనిషి బరువుకు ఆగుతాయి గానీ ఒక కారు చక్రం ఎక్కితే రెండు ముక్కలవుతాయి. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతి వీధుల్లో రోడ్డేదో కాలువేదో తెలియకుండా నీళ్ళు నిలిచాయి. అలాంటి రోజున పలక లేని కాలువ మీద అడుగు పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పలకను అడుగున్నర వెడల్పుకు తగ్గించి, ఎత్తడానికి రెండు కొక్కేలు పెట్టి పోత పోస్తే రెండున్నర అడుగుల పొడవున్నా 90 కిలోలు దాటదు, ఇద్దరు ఎత్తి మళ్ళీ పెట్టగలరు. ఖర్చు పెద్దగా పెరగదు.

ఫుట్‌పాత్ ఉన్నచోట కూడా కొలవాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదు. అడుగు ఎత్తున కడితే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దాన్ని ఎక్కరు, రోడ్డు మీదే పోతారు. పేవర్ బ్లాకులు (నేల మీద పరిచే సిమెంటు దిమ్మలు) 60 మిల్లీమీటర్ల మందంవి నడకకు సరిపోతాయి, వాటి మీద బళ్ళు ఎక్కితే కింది ఇసుక జరిగి గుంటలు పడతాయి. బళ్ళు దాటే గేట్ల ముందు 80 మిల్లీమీటర్లవి వాడాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, దాని పక్కనుంచి మనిషి పోవడానికి ఎంత మిగిలింది, ఇదీ చూసుకోవాలి.

ఏజెంటు కారులో ఎక్కించుకుని పగలు పదకొండింటికి చూపించే రోడ్డును నమ్మకండి. బడి వేళకు ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఏడున్నరకు ఒకసారి, గట్టి వాన వెలిసిన గంట లోపు ఒకసారి వెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళను వెంట తీసుకుని ఆ ఇంటి నుంచి బడి దాకా, బస్టాపు దాకా నడవండి. వాళ్ళు ఎన్నిచోట్ల రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళే. ప్రమాదం జరగకపోయినా, పిల్లలను దింపి తెచ్చే పని ఇంట్లో ఒకరి మెడకు చుట్టుకుంటుంది, ఆ ఒకరు చాలా ఇళ్ళలో తల్లే.

కాగితాల సంగతి కూడా. బ్రోచర్‌లో ఫుట్‌పాత్ బొమ్మ ఉంటే దాని వెడల్పు, కాలువ పలకల మందం అగ్రిమెంటులో రాయించుకోండి. ప్రకటనలో తప్పుడు మాట చెప్పి డబ్బు కట్టించుకుంటే రెరా చట్టం (ఇళ్ళు, స్థలాలు కొనేవాళ్ళ రక్షణకు ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం) 12వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు. నాణ్యతలోనో, కల్పించాల్సిన సౌకర్యాల్లోనో లోపాలుంటే, స్వాధీనం చేసిన ఐదేళ్ళ లోపు చెబితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 14వ సెక్షన్ చెబుతుంది. లేఅవుట్ ప్లానులో రోడ్డు వెడల్పు ఎంత రాశారో చూసుకుని, అక్కడికి వెళ్ళి హద్దు రాయి నుంచి హద్దు రాయికి కొలవండి. తేడా వస్తే ఆ స్థలం జోలికి పోవద్దు.

అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. అధికారులకు ఒక విన్నపం: లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు ప్రతి రోడ్డుకూ అడ్డుకోత పటం (రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ) అడగండి, అందులో రోడ్డు, కాలువ, స్తంభం, నడక దారి విడివిడిగా అడుగుల్లో చూపించమనండి. ఆ పటాన్నే లేఅవుట్ ముఖద్వారం బోర్డు మీద పెట్టించండి. కొనేవాళ్ళు టేపు తెచ్చుకుని సరిచూసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు, తిరుపతి