ఆట మొదలయ్యాక హాలును గాలికి వదిలేస్తున్న తీరుపై ఫిర్యాదు

మేనేజరు గారికి,
మల్టీప్లెక్స్ నిర్వహణ సంస్థ,
విశాఖపట్నం.

విషయం: హాల్లో ఫోన్ల వాడకం, వీడియోలు తీయడం, సిబ్బంది పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

గత ఆదివారం మా అమ్మను తీసుకుని మీ హాల్లో రాత్రి ఆటకు వచ్చాను. కథ పతాక సన్నివేశానికి చేరిన సమయంలో మా ముందు వరుసలోని యువకుడు ఫోను ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. దించమని మర్యాదగానే అడిగాను, వినలేదు. అమ్మ తల అటూ ఇటూ వంచి చూసి, విసిగిపోయి, చివరకు ఆ ఫోను తెరలోనే సినిమా చూసింది. అంతలో మీ కుర్రవాడొకడు ట్రే పట్టుకుని వచ్చి, "ఎఫ్ 12 ఎవరండీ?" అని అడుగుతూ మూడు వరుసలు తిరిగాడు.

బయటికి వెళ్లి సిబ్బందికి చెబితే, "మేము చెబితే మా మీదికే వస్తారండీ, మీరే సర్దుకోండి" అన్నారు. ఆట అయ్యాక పాప్‌కార్న్ కూపను చేతిలో పెట్టారు. తీసుకోలేదు. నాకు కావలసింది అది కాదు.

హాల్లో సినిమాను చిత్రీకరించడం మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, నేరం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం దానికి కనీసం 3 నెలల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. ఆ నేరం మీ కళ్లెదుటే జరుగుతుంటే సర్దుకోమని మాకు చెబుతారా?

ఈలలు, చప్పట్లు వద్దనే మనిషిని కాను. కొత్త సినిమా తొలి ఆటలో కథానాయకుడు కనబడగానే కాగితం ముక్కలు గాల్లోకి లేవడం ఈ ఊళ్లో పెరిగినవారందరికీ తెలుసు, నాకూ ఇష్టం. ఎంత గోల చేసినా అప్పుడు అందరి కళ్లూ తెర మీదే ఉంటాయి. ఫోను పట్టుకున్నవాడు తాను సినిమా చూడడు, వెనకవాళ్లను చూడనివ్వడు.

జగదాంబ కూడలికి ఆ పేరు తెచ్చింది ఒక సినిమా హాలే. సినిమాను అంతగా సొంతం చేసుకున్న ఊరిది. పాత హాళ్లలో టార్చిలైటు పట్టుకుని తిరిగే మనిషి ఒకడు ఉండేవాడు. ఆలస్యంగా వచ్చినవారికి సీటు చూపించేవాడు, అల్లరి చేసేవారి మీద ఒక్కసారి వెలుగు వేసేవాడు. చాలామందికి అది చాలేది. మీరు కుర్చీలు మెత్తగా చేశారు, ధ్వని మెరుగుపరిచారు, టిక్కెట్టు ధర పెంచారు, ఆ మనిషిని మాత్రం తీసేశారు. ఇప్పుడు ఆట నడుస్తుండగా మీ తరఫున లోపలికి వచ్చేది తినుబండారాలు మోసేవారే.

ఇంట్లో ఓటీటీలో సినిమా ఆపుకుంటూ, మాట్లాడుకుంటూ, ఫోను చూసుకుంటూ గడిపే అలవాటు హాలుదాకా వచ్చిందన్నది నిజమే. అయినా తప్పంతా ప్రేక్షకులదే అని మీరు తప్పుకోలేరు. బయటి తిండి తేకుండా ఆపే హక్కు హాళ్లకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నియమం కోసం గేటు దగ్గర మా అమ్మ సంచి విప్పించి చూశారు. అంత శ్రద్ధ ఫోన్ల విషయంలో ఎందుకు లేదు? మీ అమ్మకాలకు నష్టం తెచ్చేదాన్నే తప్పుగా చూస్తున్నారని నేను అనుకోవలసి వస్తోంది.

ప్రతి ఆటకూ హాల్లో ఒక మనిషిని నిలబెట్టండి. హెచ్చరించినా వినని వారిని బయటికి పంపే అధికారం అతనికి ఇవ్వండి, గొడవ వస్తే అతని పక్షాన నిలబడండి. సీట్ల దగ్గరికి తిండి తెచ్చివ్వడం ఆట మొదలయ్యేలోపు, విరామంలో మాత్రమే పెట్టుకోండి. అన్ని ప్రకటనలు వేస్తున్నారు, వాటి చివర ఫోన్ల గురించి ఒక్క మాట తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయండి.

ఏం చర్య తీసుకుంటారో పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. టిక్కెట్ల నకలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ హాలు ప్రేక్షకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.