విరేచనాలకు చీటీ లేని యాంటీబయాటిక్‌లు వద్దు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాక చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకోవడం, తల్లిదండ్రులు మందుల దుకాణానికి వెళ్లి డాక్టరు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు తెచ్చి వేయడం మామూలైపోయింది. రెండు మాత్రలకే నెమ్మదిస్తే మిగిలినవి ఇంకో బిడ్డ కోసం దాచిపెడుతున్నారు. దీనివల్ల కడుపుకు జరిగే నష్టం చాలామందికి తెలియదు.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని, అందులో అత్యధిక భాగం పెద్దపేగులోనే నివసిస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా. మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని ఈ బాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తుంది; పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఆహారం ఆ బ్యూటిరేటే. రోగాన్ని తెచ్చే క్రిములు పేగులో తిష్ఠ వేయకుండా అడ్డుకునేదీ ఈ మేలుచేసే బాక్టీరియాయే. యాంటీబయాటిక్ దీన్ని కూడా దెబ్బతీస్తుంది కనుక, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ వంటి క్రిమి పెరిగి, విరేచనాలు తగ్గకపోగా ముదిరే ప్రమాదం ఉంది. పైగా చిన్నపిల్లల విరేచనాలకు చాలాసార్లు రోటా వంటి వైరస్‌లే కారణం. వాటిపై యాంటీబయాటిక్ ఏమాత్రం పనిచేయదు.

అటువంటప్పుడు బిడ్డకు కావలసింది ఓఆర్‌ఎస్ నీళ్లు, 10 నుంచి 14 రోజుల జింకు మాత్రలు, మానకుండా తల్లిపాలు, తేలికపాటి ఆహారం. విరేచనంలో రక్తం కనబడినా, జ్వరం తీవ్రంగా ఉన్నా, బిడ్డ మగతగా పడివున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. యాంటీబయాటిక్ అవసరమో కాదో అక్కడి డాక్టరే తేల్చాలి.

మన ఇళ్లలో చోడి (రాగి) అంబలి, తరవాణి (పులిసిన అన్నపు నీళ్లు), పులిసిన మజ్జిగ తగ్గిపోవడం కూడా నాకు బాధ కలిగిస్తోంది. ఇవి రోగానికి మందులు కావు. అయినా చోళ్లలోని పీచు పేగు బాక్టీరియాకు మేత అవుతుంది, పులిసిన మజ్జిగలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా సజీవంగా ఉంటుంది. మేలుచేసే బాక్టీరియా ఉండే ఖరీదైన ప్రోబయాటిక్ క్యాప్సూళ్లు కొనలేని కుటుంబాలకు ఇవి అందుబాటులో ఉన్నవే.

కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను 2013లోనే షెడ్యూల్ హెచ్1 అనే నియంత్రిత మందుల జాబితాలో చేర్చి, వాటిని చీటీపైనే అమ్మాలని, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలని నిబంధన పెట్టారు. ఔషధ నియంత్రణ అధికారులు ఈ వర్షాకాలంలోనైనా మండల కేంద్రాల్లోని దుకాణాల్లో ఆ రిజిస్టర్లను తనిఖీ చేయాలని, ప్రతి పల్లెలో ఆశా కార్యకర్తల వద్ద ఓఆర్‌ఎస్, జింకు నిల్వలు నిండుకోకుండా వైద్యాధికారులు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా