హుక్కు ఎక్కడ ఉండాలో చెప్పేవాళ్లేరి?

సంపాదకుల గారికి,

పొదలకూరులో వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. మా చుట్టుపక్కల నిమ్మతోటల రైతులు ఈ మధ్య మినీ ట్రాక్టర్లు బాగా కొంటున్నారు. మంచిదే. కొమ్మలు విరక్కుండా చెట్ల మధ్య తిరుగుతుంది, రోటవేటర్ లాగుతుంది, మందు కొట్టే పంపూ నడుపుతుంది. చిక్కంతా దాని వెనక ట్రాలీ తగిలించే దగ్గరే.

షాపుకు వచ్చి చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, హుక్కు కాస్త పైకి కొట్టు. కిందుంటే గట్లకు తగలతా ఉండాది." ఇంకొందరైతే టాప్ లింకు (పనిముట్టును పైనుంచి పట్టి ఉంచే కడ్డీ) బిగించే చోటే ట్రాలీ తగిలించేలా చేసిమ్మంటారు. నేను ఒప్పుకోను. లాగే చోటు వెనక ఇరుసు కంటే పైనుంటే, ట్రాలీ బురదలో దిగబడినప్పుడు అది కదలదు, ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి. క్లచ్ తొక్కేలోపే బండి వెనక్కి తిరగబడి నడిపేవాడి మీద పడుతుంది. కంపెనీవాళ్లు ట్రాలీ తగిలించే కడ్డీ, అదే డ్రాబార్‌ను ఇరుసు కంటే కిందకి పెట్టింది ఊరికే కాదు. రోటవేటర్ విప్పేసి, దాన్ని ఎత్తి దించే రెండు ఆర్ముల మధ్య బెజ్జాల పట్టీ వేసి దానికే ట్రాలీ తగిలించేవాళ్లూ ఉన్నారు. హైడ్రాలిక్ లివర్‌కు చెయ్యి తగిలితే ఆ పట్టీ కూడా పైకి లేస్తుంది.

ఇక ట్రాలీని హుక్కుకు బిగించే పిన్ను. కంపెనీ పిన్ను పోగానే స్లాబు కమ్మీ ముక్క నరికి దూరుస్తారు. కింద క్లిప్పు బదులు కట్టుతీగ. అలాంటి కమ్మీ ఒకటి మొన్న నా షాపుకు వచ్చింది. నడుం దగ్గర అరిగి సగమైంది, వంగి కూడా పోయింది. దాని మీద నిమ్మకాయల బస్తాలు మార్కెట్ దాకా వెళ్లొచ్చాయట!

బరువు లెక్క కూడా ఎవరూ చూడరు. వెయ్యి లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే టన్ను. చాలా మినీ ట్రాక్టర్ల సొంత బరువు టన్నుకు అటూ ఇటూనే. సగం నింపితే నీళ్లు ఊగి మలుపుల్లో ట్రాలీని గుంజుతాయి. రెండు చక్రాల ట్రాలీలో బస్తాలన్నీ వెనక్కి సర్దితే ముందు కొస పైకి లేచి, ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు తప్పుతుంది. కాలువ కట్ట దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు. ఈ చిన్న ట్రాలీలకు బ్రేకులే ఉండవు, ఆ బరువంతా వెనక నుంచి తోసుకొస్తుంది. చేలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను (వెనక చక్రానికొకటి) తారురోడ్డెక్కాక మళ్లీ కలపాలని ఎంతమందికి గుర్తుంటుంది? ఒక్కటే పడితే బండి పక్కకు లాగేసి ట్రాలీ అడ్డం తిరుగుతుంది.

రిఫ్లెక్టర్ అంటించుకోమంటే "తోట దాటదు కదన్నా" అంటారు. చీకటి పడ్డాక అదే ట్రాలీ లైటు లేకుండా రోడ్డు మీద కనిపిస్తుంది, అదీ దగ్గరికెళ్తేగానీ కనిపించదు.

షోరూముల్లో ఇంజనాయిలు, సర్వీసు, ఈఎంఐ గురించి చెబుతారు. ట్రాలీ తగిలించడం మాత్రం ఎవరూ చేసి చూపించరు. డెలివరీ ఇచ్చే రోజే లోడుతో ఓ అరగంట నడిపించాలి. రాయితీ మీద యంత్రాలిచ్చే వ్యవసాయ శాఖ అధికారులు రైతు సేవా కేంద్రాల దగ్గర ఈ పని చేయిస్తే ఇంకా మేలు. మీ వ్యవసాయ పేజీలో కూడా హుక్కు ఎక్కడుండాలో, పిన్ను ఎలా ఉండాలో బొమ్మ గీసి వేయండి. దాన్ని లామినేషన్ చేయించి షాపు గోడకు తగిలిస్తాను. నా మాట వినని రైతులు పేపర్లో వస్తే నమ్ముతారు.

– ఒక వెల్డింగ్ షాపు యజమాని, పొదలకూరు, నెల్లూరు జిల్లా