పూలగడ్డల మడులకు తోడు మొక్కలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో కాలనీ పార్కులలోనూ రోడ్డు డివైడర్ల మీదా నాటుతున్న పూలమొక్కలలో వాన లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ, నేల సంపంగి వంటి గడ్డజాతి మొక్కలు కూడా ఉండడం సంతోషకరం. అయితే గడ్డలు పాతేటప్పుడే వాటి మధ్య ఏ మొక్క పెంచాలో ఆలోచించకపోవడం వల్ల, ప్రజల సొమ్ముతో కొన్న ఈ మొక్కలు చాలాచోట్ల మరుసటి ఏడాదికి మిగలడం లేదు.

ఫుట్‌బాల్ లిల్లీ పూత మే నెలలో కొద్దిరోజుల ముచ్చటే. ఆ తర్వాత వానాకాలమంతా దాని ఆకులు గడ్డకు ఆహారం కూడబెడతాయి, మరుసటి ఏటి పువ్వు ఆ నిల్వ నుంచే వస్తుంది. చలికాలంలో ఆకు పండి ఎండిపోయాక వేసవి వాన పడేదాకా నేల మీద మొక్క జాడే ఉండదు. ఆ బోసి మడిని ఖాళీ జాగా అనుకుని తవ్వేస్తున్నారు. మా వీధి చివరి పార్కులో ఫిబ్రవరిలో పార దెబ్బకు చీలిన గడ్డలు, కోసిన ఎర్రగడ్డల్లా పొరలు బయటపడి, వేర్లతో సహా గట్టున కుప్పగా పడి ఉండడం చూసి మనసు కలుక్కుమంది. కదపకుండా వదిలేసి ఉంటే అవన్నీ మేలో మళ్లీ పూసేవి.

శ్రీనగర్‌లో 2007లో తెరిచిన తులిప్ తోటను చూసి వచ్చినవారు ఇక్కడా అవే వేయమంటున్నారు. ఆ గడ్డలకు మూడు నెలలకు పైగా గట్టి చలి తగిలితే గానీ పూత సరిగా రాదు, మన దగ్గర ఆ చలి లేదు. కానీ తులిప్‌ల మధ్య పాన్సీల వంటివి పెంచి, పండుతున్న ఆకును వాటి చాటున నిదానంగా ఎండనిచ్చే చలిదేశాల పద్ధతి మాత్రం మనకూ పనికొస్తుంది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ ఊళ్లో తోడు మొక్క వేరు పైపైనే ఉండాలి, గడ్డ విశ్రాంతి తీసుకునే నెలల్లో అది నీళ్లు ఎక్కువ అడగకూడదు. ఈ రెండింటికీ బాగా సరిపోయేది టేబుల్ రోజ్. అది ఆకుల్లోనే నీరు దాచుకుని, నేలంతా పరుచుకుని మడిని నిండుగా ఉంచుతుంది. మడి అంచున బిళ్ల గన్నేరు ఎండకు తట్టుకుని ఏడాది పొడవునా పూస్తుంది. నేల సంపంగికి వేర్లలో నులిపురుగుల బెడద ఎక్కువ కనుక దాని పక్కన బంతి వేయడం మంచిది, బంతి వేర్లు ఆ పురుగులను తగ్గిస్తాయి. లాన్ గడ్డి మాత్రం వద్దే వద్దు, ఎందుకంటే రోజూ తడిపే నేలలో విశ్రాంతిలో ఉన్న గడ్డ కుళ్లిపోతుంది. మన ఎర్రనేలలో నీరు త్వరగా ఇంకుతుంది గానీ, నల్లరేగడి ఉన్నచోట మడిని ఎత్తు చేసి ఇసుక కలపక తప్పదు.

ఈసారి మొక్కల కొనుగోలుకు టెండరు పిలిచేటప్పుడు గడ్డలతో పాటే తోడు మొక్కలనూ జాబితాలో చేర్చాలని, గడ్డలున్న ప్రతి మడిలో పేరూ పూసే నెలా రాసిన పలక పాతాలని, ఆకు పూర్తిగా పండేదాకా కోయవద్దని పనివారికి చెప్పాలని పార్కుల నిర్వహణ చూసే అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, అనంతపురం